డికంప్రెసరు లోపమును కనిపెట్టుట ఎట్లు?

మోటారు సైకిలుపై పోవుటలోని సుఖము అందరు నెరిగినదే. దానిని మొదట కదిలించుటలోని కష్టము మాత్రము కిక్కు కొట్టినవారికే తెలియును. పెద్ద సిలిండరు గల బండి కిక్కరుపై కాలు మోపి బలముగా త్రొక్కినపుడు అది సగము దూరము దిగి, గోడను తాకినట్లు ఆగిపోవును. ఒక్కొక్కప్పుడు త్రొక్కిన కాలిని వెనుకకు విసరికొట్టును. ఈ పెనుగులాట తప్పించుటకై ఇంజనులో ఒక చిన్న సాధనమును అమర్చియుందురు. పుస్తకభాషలో దానిని సంపీడన విమోచని అనవచ్చును. షెడ్లలో దానిని డికంప్రెసరు అందురు. మన ప్రాంతపు షెడ్డులో తెలుగు, తమిళము, కన్నడము మూడును కలసి వినబడును గాని ఈ మాట మాత్రము మూడింటిలోను ఒక్కటే. కావున మేమును ఆ మాటనే వాడుచున్నాము.

ఈ సాధనము చెడినపుడు దాని లోపము దానిపై కనబడదు. బ్యాటరీ పోయినట్లో, స్టార్టరు మోటారు కాలినట్లో, పిస్టను రింగులు అరిగినట్లో కనబడును. మెకానిక్కు తొందరపడినచో ముందు బ్యాటరీ మార్చును. పిదప స్టార్టరు విప్పును. అప్పటికిని బండి మొరాయించినచో ఇంజను దింపవలెననును. పాలు పోయుటకో, పనికి పోవుటకో బండిపై ఆధారపడిన ఇంటికి ఇది చిన్న ఖర్చు కాదు. అసలు లోపము మాత్రము కొనగోటికి సరిపోవు స్ప్రింగులో ఉండవచ్చును. ఆ స్ప్రింగు వరకు దారి తప్పకుండ పోవుట ఎట్లో తెలిసికొనుటయే నేటి పాఠము.

ముందుగా ఈ బిగువు ఎక్కడనుండి వచ్చుచున్నదో చూతము. సైకిలు పంపును తీసికొని, గాలి వెలువడు రంధ్రమును బొటనవ్రేలితో గట్టిగా మూసి, పిడిని క్రిందికి త్రోయుడు. మొదట సులభముగా దిగును. రాను రాను బిగియును. చివరి అంగుళము దిగుటకు చేతిబలమంతయు చాలదు. చేయి వదలినచో పిడి తనంతట పైకి లేచును. ఇప్పుడు వ్రేలిని వెంట్రుక వాసి యెత్తి మరల త్రోయుడు. గాలి సన్నని చప్పుడుతో పోవుచుండగా పిడి అడుగు వరకు దిగును. డికంప్రెసరు చేయు పని ఈ వ్రేలిని ఎత్తుటయే. ఇంతకంటె అందులో రహస్యము లేదు.

నాలుగు ఘాతముల ఇంజనులో పిస్టను మొదట గాలిని, పెట్రోలు ఆవిరిని పీల్చును; రెండవసారి దానిని నొక్కును; మూడవసారి అది మండి పిస్టనును త్రోయును; నాలుగవసారి పొగ వెలికి పోవును. రెండవ ఘాతమున రెండు వాల్వులును, అనగా కవాటములును, మూసికొనియుండును. బిగువు పుట్టునది అప్పుడే. ఎంత బిగువో లెక్క వేసి చూడుడు. 2009లో వెలువడిన క్లాసిక్ 500 బుల్లెట్టు సిలిండరు వ్యాసము 84 మిల్లీమీటర్లు. వ్యాసార్ధము 4.2 సెంటీమీటర్లు, పిస్టను తల వైశాల్యము 3.1416 × 4.2 × 4.2, అనగా సుమారు 55.4 చదరపు సెంటీమీటర్లు. స్టార్టరు త్రిప్పుచున్నపుడు లోపలి పీడనము చదరపు సెంటీమీటరునకు 10 కిలోలనుకొన్నచో పిస్టనుపై పడు బలము 554 కిలోలు. 75 కిలోల ధాన్యపు బస్తాలు ఏడింటి బరువు 525 కిలోలే! ఈ బలమంతయు కాలిపై పడదు. క్రాంకు కొంత తగ్గించును, ఫ్లైవీలు కొంత మోయును. ఐనను ఆ చిన్న స్టార్టరు మోటారు, దాని వెనుక నున్న ఆ చిన్న బ్యాటరీ ప్రతి రెండు చుట్లకొకసారి ఎదిరింపవలసినది ఇట్టి బలమునే.

మన పెద్దల కాలమున ఈ సాధనము చేతితో పనిచేయునది. 1955లో మదరాసు మోటార్సు వారు ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీతో కలసి ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థను నెలకొల్పి, మదరాసుకు ఉత్తరమున నున్న తిరువొత్తియూరులో బుల్లెట్లను తయారుచేయసాగిరి. ఆ బండి హ్యాండిలుపై ఒక చిన్న లీవరు, హెడ్‌లైటు పైభాగమున ఒక ఆమీటరు ఉండెడివి. నడుపువాడు తాళము త్రిప్పి, కిక్కరును మెల్లగా నొక్కుచు ఆమీటరు ముల్లును చూచెడివాడు. ముల్లు ఒక ప్రక్కకు ఒరిగి, మరల నడుమకు వచ్చినచో పిస్టను సంపీడన ఘాతపు శిఖరమునకు చేరువైనదని గుర్తు. అప్పుడు లీవరు లాగి, బిగువు వదలించి, పిస్టనును శిఖరము దాటించి, లీవరు విడిచి, ఒక్క తన్ను తన్నెడివాడు. ఆ బండ్లు ఇంట నున్నవారు తాతలనో తండ్రులనో అడిగినచో దీనిని చేసి చూపుదురు. ఇంత చక్కని భౌతికశాస్త్ర ప్రయోగము ఏ ప్రయోగశాలలోను దొరకదని మా తలంపు.

చేతి లీవరులో లోపమున్నచో చేతికి తెలియును. స్వయముగా పనిచేయు సాధనమునకు ఆ సదుపాయము లేదు. అది ఎప్పుడు పనిచేయుచున్నదో, ఎప్పుడు మానినదో నడుపువానికి తెలియకుండుటయే దాని గొప్ప. చెడినపుడు తిప్పలు తెచ్చునదియు అదే గుణము.

స్వయముగా పనిచేయు డికంప్రెసర్లు మూడు తెగలుగా కనబడుచున్నవి. మొదటిది తీగతో పనిచేయునది. 1970వ దశకము చివర హోండా వారు ఎక్స్ ఎల్ 500 ఎస్ అను బండిలో కిక్కరునుండి ఎగ్జాస్టు వాల్వు వరకు ఒక తీగను కట్టిరి. కిక్కరు దిగుట మొదలుపెట్టగనే తీగ వాల్వును కొంచెము తెరచును. మూడవది విద్యుత్తుతో పనిచేయునది. హార్లే డేవిడ్సన్ వారి కొన్ని పెద్ద జంట సిలిండర్ల ఇంజనులలో సిలిండరు తలకొక విద్యుదయస్కాంతపు వాల్వు ఉండును. స్టార్టరు మీట నొక్కినపుడు ఇంజను కంప్యూటరు దానిని తెరచి, ఇంజను అందుకొనగనే మూయును. నడుమ చెప్పక విడిచిన రెండవదియే మనకు ముఖ్యము. పైని చెప్పిన క్లాసిక్ 500లోను, ఇంకను అనేకములైన ఒంటి సిలిండరు ఇంజనులలోను ఉన్నది అదియే.

ఈ రెండవ తెగలో ఎగ్జాస్టు వాల్వును త్రోయు కామ్ ప్రక్కన ఒక చిన్న బరువు, దానిని లోపలికి లాగు ఒక స్ప్రింగు, బరువుతో కలసి తిరుగు ఒక చిన్న పిన్ను ఉండును. ఇంజను నిలిచియున్నపుడు స్ప్రింగు బరువును లోపలికి లాగి ఉంచును. పిన్ను అంచు కామ్ గుండ్రని భాగముపై కొంచెము పొడుచుకొని వచ్చును. సంపీడన ఘాతమున ఈ పొడుపు ఎగ్జాస్టు వాల్వును మిల్లీమీటరులో కొంత భాగము మాత్రమే ఎత్తును. అంతలో గాలి కొంత పోవును, బిగువు తగ్గును. ఇంజను అందుకొని వేగముగా తిరుగగనే బరువు బయటికి విచ్చుకొనును, పిన్ను తిరిగి కామ్‌లోనికి అణగిపోవును, వాల్వు పూర్తిగా మూసికొనును. తిరునాళ్ళలో రంగులరాట్నము చూచినవారే కదా! వేగము పెరిగినకొలది కుర్చీలు బయటికి ఎగురును, తగ్గినకొలది లోనికి వ్రాలును. బరువు పని అట్టిదే.

ఇందులో ఒక లెక్కను గుర్తుంచుకొనుడు. బరువును బయటికి లాగు బలము వేగముతోపాటు సూటిగా పెరుగదు. వేగపు వర్గముతో పెరుగును. వేగము నాలుగు రెట్లైనచో బలము పదునారు రెట్లగును. స్టార్టరు త్రిప్పునపుడు ఇంజను నిమిషమునకు 250 చుట్లు తిరిగి, అందుకొన్న తరువాత 1000 చుట్లు తిరుగుననుకొన్నచో బరువుపై బలము 16 రెట్లు. 4000 చుట్లు తిరుగునపుడు 256 రెట్లు. లోపమును కనిపెట్టుటలో ఈ అంకెలు అక్కరకు వచ్చును.

డికంప్రెసరుకు రాదగిన లోపములు రెండే. తెరువవలసినపుడు తెరువకపోవుట, మూయవలసినపుడు మూయకపోవుట. ఈ రెండును ఒకదాని కొకటి పూర్తిగా విరుద్ధములు. వీనిని కలగాపులగము చేయుటవలననే సగము తప్పులు జరుగుచున్నవి.

తెరువని డికంప్రెసరు గల బండి ఇట్లుండును. స్టార్టరు మీట నొక్కగా ఇంజను ఒక అర చుట్టు తిరిగి టక్కున ఆగును. మరల నొక్కగా మూలిగి ఒక చుట్టు తిరుగును. దీపములు మసకబారును. ఒక్కొక్కప్పుడు లోపలనుండి సుత్తితో కొట్టినట్లు చప్పుడు వచ్చును. స్పార్కు ప్లగ్గు పిస్టను శిఖరము చేరుటకు కొంచెము ముందే నిప్పు వేయును. ఇంజను చురుకుగా తిరుగుచున్నచో ఆ మంట పుంజుకొనులోపల పిస్టను శిఖరము దాటిపోవును. బిగువును దాటలేక వేగము తగ్గినచో మంట పిస్టనును వచ్చిన దారినే వెనుకకు త్రోయును. కిక్కరుపై కాలున్నచో మడమ, చీలమండ దెబ్బతినును. ఎముక విరుగుటయు కలదు. స్టార్టరుతో త్రిప్పుచున్నచో ఆ దెబ్బ స్టార్టరుకును క్రాంకుకును నడుమనున్న ఒంటిదారి క్లచ్చిపై పడును. అది ఒక వైపునకే పట్టును, రెండవ వైపునకు జారును. వెనుక దెబ్బలు తినితిని అది అరిగిపోయినచో మోటారు కూయుచు తిరుగును గాని ఇంజను కదలదు. స్ప్రింగుతో పోవలసిన ఖర్చు క్లచ్చివరకు వచ్చినదన్నమాట, గోరుచుట్టుపై రోకటిపోటు.

మూయని డికంప్రెసరు గల బండి తీరు వేరు. స్టార్టరు గిరగిర తిరుగును. చూచువారికి ఇంజను ఎంతో ఆరోగ్యముగా నున్నట్లు తోచును. కాని అందుకొనదు. అందుకొన్నను నిలకడ వేగమున నిలువక ఆగిపోవును. సైలెన్సరునుండి పటపట చప్పుడు వచ్చును. బండిని ఎట్లో లేపి వేగము పెంచినచో మాత్రము చక్కగా పోవును! ఏల? ఇందాకటి లెక్కను తలచుకొనుడు. ఎండి జిగురైన నూనె బరువును పట్టియుంచినను, 256 రెట్ల బలము వచ్చినపుడు అది విడువక తప్పదు. ఎగ్జాస్టు వాల్వు కాలి, గాలి కారుచున్న బండిలో ఇట్టి భేదము ఇంత స్పష్టముగా కనబడదు. దాని బలహీనత పరుగులోను వెంటవచ్చును. అందుచేత షెడ్డుకు వచ్చినవానిని మొదట అడుగవలసిన ప్రశ్న బండి లేచుట గురించి కాదు, లేచిన తరువాత ఎట్లు పోవుచున్నదని.

మూడవ తీరు ఒకటి కలదు. బండి ఒకనాడు ముట్టుకొనగనే లేచును. మరునాడు తన్నినను లేవదు. ఆ మరునాడు మరల బాగుండును. ఇట్లున్నచో స్ప్రింగు విరిగినదేమో యని సందేహింపవలెను. లాగువాడు లేని బరువు తన ఇష్టము వచ్చినచోట వ్రేలాడుచుండును. ఇంజను ఆగినపుడు కామ్ ఏ వైపునకు తిరిగి నిలిచినదో దానినిబట్టి బరువు లోపల ఉండవచ్చును, బయట ఉండవచ్చును. యజమాని మాత్రము చలి వలన అనియు, పెట్రోలు మంచిది కాదనియు చెప్పుచుండును.

ఇక పరీక్షలు. వీనిని ఖర్చు లేనివానితో మొదలుపెట్టవలెను. విప్పుట చివరి పని.

మొదట బ్యాటరీ. ఇది డికంప్రెసరు కాదని తోచవచ్చును గాని, బలహీనమైన బ్యాటరీ తెరువని డికంప్రెసరును అచ్చముగా అనుకరించును. నిండుగా ఛార్జి చేసిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిగా నున్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపును. స్టార్టరు త్రిప్పుచున్నపుడు 10 వోల్టుల కంటె బాగుగా దిగిపోయినచో ముందు బ్యాటరీని, దాని తీగల బిగింపును చూడవలెను. వోల్టులు దిగినంత మాత్రమున బ్యాటరీదే తప్పనరాదు. మోటారు బిగువును దాటలేక నిలిచిపోయినను వోల్టులు దిగును. ఇది తేల్చుటకు స్పార్కు ప్లగ్గు విప్పి స్టార్టరు నొక్కవలెను. ప్లగ్గును దాని టోపీలోనే ఉంచి, లోహపు భాగము ఇంజనుకు తగులునట్లు, రంధ్రమునకు దూరముగా పెట్టవలెను. లేనిచో వెలువడు పెట్రోలు ఆవిరికి నిప్పంటుకొనవచ్చును. అధిక వోల్టేజి పోవుటకు దారిలేక విద్యుత్తు భాగములును పాడగును. ప్లగ్గు లేనపుడు ఇంజను చురుకుగా తిరిగి, బ్యాటరీ వోల్టులు నిలిచి, ప్లగ్గు బిగింపగనే ఆగిపోయినచో మోటారు, ఒంటిదారి క్లచ్చి మంచివే. తప్పు బిగువు వైపున ఉన్నది. ప్లగ్గు లేకున్నను మూలిగినచో డికంప్రెసరు జోలికి పోనక్కరలేదు.

రెండవది చేతి పరీక్ష. ప్లగ్గు బిగించి, తాళము ఆపివేసి, బండిని స్టాండుపై నిలిపి, పై గేరులో వేసి, వెనుక చక్రమును చేతితో మెల్లగా ముందునకు త్రిప్పుడు. మంచి డికంప్రెసరున్నచో సంపీడన ఘాతమున మెత్తని అడ్డు తగిలి, సైలెన్సరు కొనయందు సన్నగా ఉస్సుమను చప్పుడు వినబడి, పిస్టను దాటిపోవును. తెరువని దానిలో చక్రము గట్టిగా నిలిచి, చేయి వదలగనే వెనుకకు పోవును. ఇక్కడనే ఒక పొరపాటు జరుగుచుండును. ఉస్సుమను చప్పుడు వినగనే ఎగ్జాస్టు వాల్వు కాలినదని తేల్చువారు కలరు. మెల్లగా త్రిప్పునపుడు ఆ చప్పుడు రావలసినదే, రాకున్ననే సందేహింపవలెను.

మూడవది కంప్రెషను గేజి. ఇది షెడ్డులో అందరు నమ్ము పనిముట్టు. నమ్మదగినదే; కాని డికంప్రెసరు గల ఇంజనులో దాని మాటను తలక్రిందుగా వినవలసియుండును. రెండు ఒకే తెగ బండ్లు షెడ్డుకు వచ్చినవనుకొందము. స్టార్టరుతో త్రిప్పి కొలువగా మొదటి దానిలో గేజి 4 కిలోలు, రెండవదానిలో 11 కిలోలు చూపినదనుకొందము. కొత్తగా పని నేర్చుకొనువాడు మొదటి బండి రింగులు పోయినవనియు, రెండవది దృఢముగా నున్నదనియు చెప్పును. కాని మొదటి బండి మీట ముట్టగనే లేచుచున్నది. రెండవది వారమునుండి వెనుకకు తన్నుచున్నది. గేజి ఇద్దరికిని నిజమే చెప్పినది. మొదటి దానిలో డికంప్రెసరు పనిచేయుచున్నది గనుక గాలి పోయినది, ముల్లు తగ్గినది. రెండవ దానిలో అది పనిచేయుటలేదు గనుక గాలి పోలేదు, ముల్లు పెరిగినది. రెండవ బండికి రోగము ముల్లు తక్కువ చూపుట కాదు, ఎక్కువ చూపుట.

కావున గేజి చూపిన అంకెను డికంప్రెసరు పనిచేయుచుండగా వచ్చినదా, పనిచేయకుండగా వచ్చినదా అని అడుగకుండ ఏమియు చెప్పరాదు. తయారీదారు పుస్తకములో ఇచ్చిన అంకె ఏ స్థితికి చెందినదో చదివి తెలిసికొనవలెను. విద్యుత్తు తెగలో ఇది సులభము. తీగ కలిపి ఒకసారి, తీగ విప్పి ఒకసారి కొలిచి, రెండంకెలకును తేడా ఉన్నదా యని చూచిన చాలును. తేడా లేకున్నచో వాల్వు కదలుట లేదు. రెండు అంకెలును తక్కువైనచో తెరచిన చోటనే మసి పట్టి నిలిచియుండవచ్చును. రెండును ఎక్కువైనచో తెరుచుకొనుటయే లేదు. అప్పుడు మల్టీమీటరుతో రెండు సిలిండర్ల తీగచుట్టల నిరోధమును కొలిచి పోల్చవలెను. ఒకటి బాగుండి రెండవది తెగియున్నచో మీటరే చెప్పును.

కామ్‌పై బరువు గల తెగలో తీగ లేదు, విప్పుటకు వీలులేదు. ఐనను స్క్రూతో సవరింపదగిన రాకరు ఉన్నచో ఒక ఉపాయము కలదు. ఎగ్జాస్టు రాకరు స్క్రూను ఎన్ని త్రిప్పులు త్రిప్పినది గుర్తుంచుకొని, ఒక చుట్టు వెనుకకు విప్పుడు. డికంప్రెసరు పిన్ను ఎత్తు మిల్లీమీటరులో కొంత భాగమే కదా. ఆ ఎత్తు ఈ కొత్త సందులో మునిగిపోవును, వాల్వు వరకు చేరదు. ఇప్పుడు నిప్పు పుట్టకుండ చేసి గేజితో మరల కొలువుడు. అంకె బాగుగా పెరిగినచో ఇంతకుముందు గాలిని పోనిచ్చినది డికంప్రెసరో, బిగువైన సందో. పెరుగనిచో గాలి వాల్వు కూర్చుండు చోటనుండియో, రింగులనుండియో పోవుచున్నది. ప్లగ్గు రంధ్రమున ఒక చెంచాడు ఇంజను నూనె పోసి మరల కొలిచినచో ఆ రెండింటిలో ఏదో తేలును; నూనెతో అంకె పెరిగినచో రింగులు. కొలుచుట ముగియగనే స్క్రూను సవరింపక బండిని లేపరాదు.

ఈ ఉపాయము మరొక సంగతిని కూడ తెలుపుచున్నది. రాకరుకును వాల్వుకును నడుమ తయారీదారు విధించిన సందు ఉండవలెను. అరుగుదలవలన ఆ సందు పెరిగినచో డికంప్రెసరు మంచిదై, స్ప్రింగు మంచిదై, బరువు మంచిదైయుండియు దాని పని వాల్వుకు చేరదు. బండి తెరువని డికంప్రెసరు లక్షణములన్నియు చూపును. సందు బొత్తిగా తగ్గినచో వాల్వు ఎప్పుడును కొంచెము తెరచియే ఉండి, మూయని డికంప్రెసరు లక్షణములు చూపును. అనగా రెండు రోగములకును అరగంట పనితో పోవు కారణము ఒకటి కలదు. మా దృష్టిలో ఫీలరు గేజితో సందు చూడకుండ డికంప్రెసరును నిందించుట న్యాయము కాదు. సందును చూచునపుడు పిస్టను సరిగా సంపీడన శిఖరమున ఉండవలెను. ఇంజనును అది తిరుగు వైపునకే త్రిప్పి అచ్చటికి తేవలెను. శిఖరము దాటిపోయినదని వెనుకకు త్రిప్పినచో కొన్ని ఇంజనులలో పిన్ను మరల రాకరు క్రిందికి వచ్చి తప్పు కొలత నిచ్చును. నూనె పీడనముతో తనంతట సందును సవరించుకొను హైడ్రాలిక్ టాపెట్లు గల ఇంజనులలో స్క్రూ ఉండదు. చాలనాళ్ళు నిలిచిన బండిలో ఆ టాపెట్లనుండి నూనె జారి, డికంప్రెసరు ఎత్తును అవి మ్రింగివేయుటయు కలదు. అట్టి బండి మొదటిసారి మాత్రమే తన్ని, ఇంజను తిరిగిన పిదప బాగుండినచో టాపెట్లను, నూనెను చూడవలెను.

తీగ తెగకును ఇదే న్యాయము. తీగ వదులైనచో కిక్కరు లాగినను వాల్వు తెరుచుకొనదు. మరీ బిగువైనచో వాల్వు పూర్తిగా మూసికొనక, ఎర్రని మంట దాని అంచుమీదుగా పోయి కాల్చివేయును. విప్పుటకు ముందు తీగకు కొంచెము వదులున్నదా యని వ్రేలితో చూచుట ఒక్క నిమిషపు పని.

ఇన్ని దాటిన తరువాతనే మూత విప్పవలెను. కామ్ పైన నున్న ఇంజనులో తల మూతను, బుల్లెట్టు వంటి పుష్ రాడ్ల ఇంజనులో కుడి ప్రక్క నున్న టైమింగు మూతను తీయవలెను. రాకరు కనబడునట్లున్నచో ఇంజనును మెల్లగా త్రిప్పుచు ఎగ్జాస్టు రాకరును చూడుడు. రెండు చుట్లలో అది ఒకసారి పూర్తిగా వంగును. మంచి డికంప్రెసరున్నచో సంపీడన ఘాతమున మరియొకసారి కొంచెము తల ఆడించును. ఆ చిన్న ఊపు లేకున్నచో లోపము చిక్కినది. పిదప బరువును వ్రేలితో బయటికి త్రోసి వదలుడు. అది చిటుక్కున లోపలికి రావలెను. మెల్లగా వచ్చినచో జిగురు పట్టినది. కిరోసినుతో కడిగి, గాలి ఊది, కొత్త నూనె వేసి మరల చూడవలెను. రాకయే యున్నచో స్ప్రింగు విరిగినది. విరిగిన ముక్క ఎక్కడ నున్నదో వెదకి తీయకుండ మూత బిగింపరాదు. అది నూనె పంపు వరకు పోయినచో కష్టము పెద్దది. పిన్ను అంచును గోటితో రాచి చూడుడు. రాకరు తగులుచోట చదునై, గుంట పడియున్నచో స్ప్రింగు మార్చినను ప్రయోజనము లేదు; ఎత్తవలసిన ఆ కొంత భాగము అరిగిపోయినది. ఇట్టి పిన్నును వెల్డింగు చేసి ఆకురాయితో సరిచేయుదుమనువారు ఉందురు. మేము దానిని ఒప్పుకొనము. గట్టిపరచిన ఉక్కు వేడికి మెత్తబడును, కొన్ని వారములలోనే మరల అరుగును. బరువు, పిన్ను కలిపిన భాగమునే మార్చుట మేలు.

కొత్త భాగము బిగించి, రాకరు సందు సరిచేసి, మూత వేయకముందే వెనుక చక్రమును చేతితో త్రిప్పి ఆ చిన్న ఊపును మరల చూడవలెను. పిమ్మట మూత బిగించి గేజితో కొలిచి, వచ్చిన అంకెను, తేదీని, డికంప్రెసరు పనిచేయుచుండగా కొలిచితిమని ఒక చీటీపై వ్రాసి బండి యజమానికి ఈయవలెను. మరుసటి యేడు ఇంకొక షెడ్డులో ఎవరైన గేజి పెట్టి ముల్లు తక్కువ చూపుచున్నదన్నపుడు, ఆ అంకెను పోల్చుటకు అతని చేతిలో ఈ చీటీ యుండును.